గొడ్డేం తప్పు జేసింది

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. రేషన్ దుకాణంల ఏలిముద్ర ఏసుడే ఆమె సంతకం. అయినా మా ఊరి ప్రార్థన మందిరంల పాస్టరయ్యను ఒక్క ప్రశ్నతోని నిలబెట్టిన మనిషి ఎవలన్న ఉన్నరంటే అది మా అమ్మనే. ఈ మాట నేను ఎవల ముంగటనైనా చెప్త. నాకు గర్వమే, దాపెట్టుకునుడెందుకు.

మాది కల్వకుర్తి దిక్కు ఊరు. మూడెకరాల చెల్క, ఒక బోరు, ఒక పాడి బర్రె. ఇంట్ల అమ్మ, నేను, నా భార్య. నేను కొబ్బరికాయ కొట్టేటోన్ని, పండుగకు గడపకు పసుపు పూసే ఇల్లు మాది. అమ్మ మాత్రం నాయిన పోయినంక ఆదివారం ఆదివారం ప్రార్థనకు పోవుడు షురూ జేసింది. పండుగలు ఇడువలే, ప్రార్థన ఇడువలే. "మంచి మాట ఏడ దొరికితే ఆడ ఇంట, నీకేంది నొప్పి" అనేది. నేను ఎదురు చెప్పలే. చెప్పినా ఇనే మనిషి గాదు.

ఆదివారం విన్న కథలన్ని పొద్దుమీకి పాలు పిండుకుంట చెప్పేది. నాకు చెప్తుండెనో బర్రెకు చెప్తుండెనో ఇప్పటికీ తెల్వది. మొదటి మనిషి తప్పు జేస్తే ఆయన కోసమని భూమికి శాపం తగిలి ముండ్లు మొలిచినయట. మనుషుల చెడ్డతనానికి లోకమంత నీళ్లల్ల మునిగితే, పడవ ఎక్కినయి తప్ప తక్కిన జీవాలన్ని మునిగిపోయినయట. ఇంకొక ప్రవక్త ఏమన్నడంటే, దేశంల సత్యం లేకుంట వోయి అబద్ధాలు, దొంగతనాలు ఎక్కువైతే, అడివిల ఉన్న మెకాలు, ఆకాశంల పిట్టలు, నీళ్లల్ల చేపలు గూడ ఎండి రాలిపోతయట. నేను చేను కాడికెళ్లి వచ్చి కాళ్లు కడుక్కుంట ఒక చెవితోని ఇనేటోన్ని. అప్పుడు నాకది కథ, అంతే.

ఒక ఆదివారం వాన పడుతుంటే ఆమెను బండి మీద తీసుకపోదామని మందిరం కాడికి పోయిన. లోపల పాస్టరయ్య అదే నీళ్ల కథ చెప్తున్నడు. మా అమ్మ నడ్మల లేసి నిలవడింది. "అయ్యా, ఒక మాట. తప్పు మనిషిది, మునిగింది గొడ్డు. గొడ్డేం తప్పు జేసింది?" అని అడిగింది. అందరు ఎనకకు తిరిగి చూసిండ్రు. నేనైతే సిగ్గుతోని తలుపు ఎనకకు జరిగిన.

పాస్టరయ్య వయసుల చిన్నోడు, మంచోడు. తెల్వనిది తెల్సినట్టు చెప్పే రకం గాదు. చేతిల పుస్తకం మూసిండు. "గొడ్డు తప్పు జేసిందని ఈ పుస్తకంల ఏడ లేదమ్మా. జీవాలను దేవుడు మనిషి చేతిల పెట్టిండు. చెయ్యి చెడితే చేతిల ఉన్నది చెడుతది" అన్నడు. అమ్మ కొంచెం ఆలోచన జేసింది. "గట్ల చెప్పు. బండి తోలేటోడు తాగితే ఎడ్లు వాగుల పడ్డట్టు" అన్నది. పాస్టరయ్య నవ్విండు. పైవారం ఆ మాటనే వాక్యంల వాడుకున్నడట. మా అమ్మ వారం దినాలు నడిచిన నడక చూడాలె. బాయికాడికి పోయినా పట్నం పోతున్నట్టే పోయింది.

ఇగ నా సంగతి. తెలంగాణ వచ్చినంక మా బోర్లకు ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. అంతకు ముందు కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో దానికే తెల్వకపోయేది. నాయిన సగం జీవితం మోటరు కాడనే తెల్లారింది. అసొంటిది బటన్ నొక్కితే నీళ్లు పడుతుంటే నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఆ యేడు యాసంగిల మూడెకరాలు పల్లి ఏసిన. చేను చూసినోళ్లంత "ఏం పెట్టినవురా దీనికి" అని అడిగిండ్రు. నా అసొంటి రైతు ఈ చుట్టుపట్ల లేడనుకున్న. నాకు అప్పుడు జర మిడిసిపాటు ఎక్కువనే ఉండె, ఒప్పుకుంట.

కాయ పట్టే యాళ్లకు అడివిపందులు దిగినయి. ఒక్క పూటల చారెడు చారెడు జాగా కాదు, గుంటలకు గుంటలు ముట్టెతోని తవ్వి పోయినయి. పాత చీరలు కట్టిన, డబ్బాలు కొట్టిన, మనుషుల ఎంటికలు చల్లిన. ఏం కాలే. ఆఖరికి బోరు స్టార్టర్ కాడికెళ్లి సన్న తీగ తీసి, చేను చుట్టు పుల్లలు పాతి, కరెంటు పెట్టిన. అది తప్పని నాకు తెల్సు. ఎవలు పెట్టొద్దని ఊర్ల డప్పు కొట్టి చెప్పిండ్రు గూడ. ఇన్నవా అంటే ఇన్న. పెట్టినవా అంటే పెట్టిన. తెల్లారకముందు పోయి తీసేస్త, ఎవలకు తెల్వదనుకున్న.

నాలుగో నాడు పొద్దుగాల పోయి కరెంటు బంద్ జేసి చూస్తే ఒడ్డు మీద నల్లగ ఏదో పడున్నది. పెద్ద పంది అనుకొని నవ్వుకుంట దగ్గరికి పోయిన. అది కాక వాళ్ల బర్రె. పక్క చేను ఆయనది. నాయినకు తమ్ముని వరుస, చిన్నప్పుడు నాకు ఈత నేర్పిన మనిషి. ఆరు నెలల సూడి బర్రె అది. తలుగు తెంపుకొని నా పల్లాకుకు వచ్చింది పాపం. ముంగటి కాలు మీద తీగ ఆనిన కాడ సన్నగ నల్ల గీత ఉన్నది. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసిన. లోపల ఏం కదులుత లేదు.

నేను చేసిన పని చెప్త. కాకను పిలువలే. తీగ చుట్టిన, పుల్లలు పీకిన, అన్నీ గడ్డివాముల దోపిన. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని చాయ తాగిన. కాక ఒర్లుకుంట ఉరికివచ్చి "బర్రె పోయిందిరా కొడుకా" అంటే, "అయ్యో, ఎట్ల కాకా" అన్న. ఆ మాట నా నోట్లె నుంచి ఎంత సక్కగ వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదనే ఉమ్మబుద్దైతది.

పాము కరిచింది అన్నరు అందరు. నేను తేలు కుట్టిన దొంగ లెక్క నిలవడ్డ. కాక మాత్రం పామును తిట్టలే. తన పెండ్లాన్ని, మా చిన్నమ్మను తిట్టిండు. బర్రెను పొద్దుమీకి కట్టేసింది ఆమె. "నీ చేతులు ఇరిగినయా, గట్టిగ కట్టరాదా. సూడి గొడ్డును సంపినవు గదనే" అని అందరి ముంగట అన్నడు. చిన్నమ్మ "గట్టిగనే కట్టిన" అన్నది ఒక్కసారి. ఎవలు ఇనలే. ఇగ మల్ల నోరు తెరవలే. ఆ నాటి సంది ఆ ఇంట్ల మొగుడు పెండ్లాం మాట్లాడుకునుడు బందైంది. ఆయన తనంతల తనే అన్నం పెట్టుకొని తినుడు. ఆమె గోడకు కూసొని చేతులు చూసుకునుడు. నేను ఆ వాకిలి ముంగటికెళ్లి పోవాలంటే తల తిప్పుకొని పోతుంటి.

మా అమ్మ గూడ బర్రెను చూడవచ్చింది. కాలు మీద గీత చూసింది. ఒడ్డు మీద పుల్లలు పీకిన బొందలు చూసింది. నన్ను చూడలే. ఇంటికి పోయి బర్రెకు గడ్డేసి, కుడితి పెట్టి, పాలు పిండింది. నా భార్య అన్నం పెడితే వద్దన్నది. ఆ పొద్దు తినలే. మాపటికి తినలే. తెల్లారి గూడ మంచినీళ్లు తప్ప ముట్టలే. షుగరు గోలీలు మింగే మనిషి.

"ఏందే గీ ఉపాసం? ఎవల మీద కోపం?" అని అడిగిన.

ఆమె పాలు పిండుకుంటనే చెప్పింది. ఒక పెద్ద పట్నమట. ఆ ఊరోళ్ల పాపం పండిందని, నలుపది దినాలల్ల నాశనమైతరని ప్రవక్త పోయి చెప్పిండట. రాజు భయపడి, మనుషులే గాదు, గొడ్డూ గోదా గూడ ఏం మేయొద్దు, నీళ్లు తాగొద్దు, అన్నిటి మీద గోనెపట్ట కప్పాలె అన్నడట. ఊరు ఊరంత ఉపాసం ఉంటే దేవుడు కరిగిండట. ఆ పట్నంల ఉన్న పశువులను గూడ తలుచుకొనే కరిగిండట.

"నాకు దేవుడు నచ్చిండు గాని రాజు నచ్చలే. తప్పు జేసింది రాజు, ఆయన మనుషులు. గొడ్డెందుకు పస్తుండాలె? అందుకే నా గొడ్డుకు కడుపునిండ పెట్టిన. దాని ఉపాసం నేనుంటున్న."

"నువ్వేం తప్పు జేసినవే?"

"నేను ఏం చెయ్యలే. ఈ ఇంట్ల ఎవలు చేసిండ్రో వాళ్లకు తెల్సు" అన్నది. గింజంత కోపం లేదు ఆ గొంతుల. కోపం ఉంటే నేను ఎగబడి కొట్లాడుదును. కొట్లాట నాకు అలవాటే.

మూడో నాడు పొద్దుగాల లేస్తుంటే ఆమె కాళ్లు తూలినయి. గుంజ పట్టుకొని నిలవడ్డది. ఇగ నాతోని కాలే. ఆమె ముంగట కూసొని చెప్పేసిన, తీగ నేనే పెట్టిన అని. చిన్నపోరని లెక్క ఏడ్చిన. మూడెకరాల మొగోణ్ణి, ముప్పయి ఎనిమిదేండ్లోణ్ణి.

"నాకెందుకు చెప్తవ్, నాకు తెల్వదా" అన్నది. "నీ చిన్నమ్మ పొద్దుగాల గా ఒడ్డు మీదికెళ్లే గడ్డికి పోతది. బర్రె ముందు పోయింది గాబట్టి ఆమె బతికింది. అది మన కోసం సస్తనని వచ్చిందా? మనమే పంపినం. పందులు గూడ ఊకెనే రాలే. గుట్టలు పగలగొట్టి కంకర మిషన్లు పెడితిమి, అవి ఏడికి పోవాలె? పోయి వాండ్లకు చెప్పు."

పోలీసులకు చెప్తే జైలు పడుతది అన్న. "పడనీ, సద్ది తెస్త" అన్నది.

కాక ఇంటి ముంగట అరుగు మీద నలుగురైదుగురు కూసున్నరు. పట్ట పగలు. నేను వాకిట్ల నిలవడి చెప్పిన. తీగ సంగతి, గడ్డివాము సంగతి, చాయ తాగిన సంగతి గూడ చెప్పిన. కాక అరుగు దిగివచ్చి చెంప మీద ఒక్కటి గుంజిండు. చెవుల గుయ్యిమన్నది. ఇంకొకటి కొడ్తడని నిలవడ్డ. కొట్టలే. ఎనకకు తిరిగి గోడకు కూసున్న చిన్నమ్మను చూసిండు. ఆమెనే అన్నది, మెల్లగ, "గట్టిగనే కట్టిన అని చెప్పిన గదా." ఆ మాటకు నాకు తగిలిన దెబ్బ ముంగట కాక కొట్టింది ఏం లెక్క గాదు.

ఎనక నుంచి అడుగుల చప్పుడైతే చూసిన. మా అమ్మ మా బర్రెను పట్టుకొని వస్తున్నది, దుడ్డె ఎంబడి. మూడు దినాల పస్తు మీద ఊరి నడ్మలకెళ్లి తల ఎత్తుకొని వస్తున్నది. నేను దగ్గరికి పోయి "పైసలిద్దామే, బర్రె ఎందుకు" అని గుసగుస పెట్టిన. అందరికి ఇనపడేటట్టే చెప్పింది. "పొడిసే ఎద్దని తెల్సి గూడ కట్టెయ్యకుంట ఇడిసిపెడితే, అది పక్కోని ఎద్దును సంపితే, ఎద్దుకు ఎద్దు ఇయ్యాలె. పాస్టరయ్య చదివి చెప్పిండు. నీ తీగ పొడిసే ఎద్దు గాదా?" తలుగు చిన్నమ్మ చేతిల పెట్టింది. "నీ చేతులు మంచియే చెల్లే" అన్నది. అప్పుడేడ్చింది చిన్నమ్మ. కాక పోలీసుల దాక పోలే. మా ఇంట్ల ఆ పూట అందరం తిన్నం.

అయిపోయిందనుకున్న. ఏడ అయిపోతది. ఆ మాపటికే చిన్నమ్మ మనిషిని పంపింది. బర్రె పాలు ఎగచేపుతున్నది, పొదుగుల పాలు కిందికి ఇడుస్తలేదు. దుడ్డెను ఇడిస్తే దానికి గూడ ఇస్తలేదు. పొదుగు గట్టిపడి నొప్పికి తన్నుతున్నది, గడ్డి ముడుత లేదు. ఏడేండ్ల సంది మా అమ్మ చెయ్యి తప్ప ఇంకొక చెయ్యి ఎరుగది అది. నా భార్యను గూడ దగ్గరికి రానియ్యది. మేము న్యాయం జేసినమని ఊరంత మెచ్చుకుంటుంటే, ఆ న్యాయానికి కొట్టంల ఏడ్చేది మల్ల బర్రెనే. అమ్మ చాయ గిలాస కింద పెట్టి లేసింది. "చూసినవా, మనం తప్పు జేసినా దానికే, దిద్దుకున్నా దానికే" అన్నది.

ఆమె పోయి దాని మెడ కింద గీరి, చెవుల ఏదో చెప్పుకుంట కూసుంటే, చేపింది. బకెట్ నిండింది. పాలన్ని చిన్నమ్మకు ఇచ్చి ఖాళీ చేతులతోని వచ్చింది. తెల్లారి మల్ల పోయింది. మాపటికి మల్ల పోయింది. ఊరు ఆ చివర వాళ్లిల్లు, ఈ చివర మాది. నడ్మల నలుపది ఇండ్లు. అరుగుల మీద కూసున్నోళ్లు "బర్రెనిచ్చినంక బర్రె ఎంబడి తిరుగుడేందవ్వా, జీతముంటున్నవా" అని నవ్వేటోళ్లు. "ఉంటున్న, నా కొడుకు కుదిర్చిండు" అని నవ్వుకుంటనే పోయేది. ఒకనాడు ఒకడు ఎక్కువ మాట్లాడితే నేను అగ్గి మీద గుగ్గిలమై మీదికి పోబోయిన. నా కాలర్ పట్టి గుంజుకపోయింది. "నీ బలం బకెట్ మోసేకాడ చూపియ్యి" అన్నది. ఆ నాటి సంది బకెట్ నేనే మోసిన. మొదలు తల దించుకొని మోసిన. పది దినాలైనంక తల అదే లేసింది. ముంగట మా అమ్మ, ఎనక నేను. ఇసొంటి మనిషి కడుపుల పుట్టిన అని చాతి మీద రాసుకొని తిరగబుద్దైంది.

అట్ల నెల కావచ్చింది. ఒకనాడు అమ్మ తన పాత నేతచీర పట్టుకొని పోయింది, రోజు పాలు పిండేటప్పుడు కట్టుకునేది, ఉతకకుంట. అది చిన్నమ్మకు కట్టిచ్చింది. "దానికి మన మొకం కన్నా ఈ వాసన ఎక్కువ తెల్సు" అన్నది. మొదటి నాడు ఇద్దరు పక్కపక్కన కూసున్నరు. అమ్మ చెయ్యి మీద చిన్నమ్మ చెయ్యి. తర్వాత చిన్నమ్మ చెయ్యి మీద అమ్మ చెయ్యి. అట్ల వారం పట్టింది. ఒకనాడు మాపటికి అమ్మ కొట్టం లోపలికి పోలే. "నువ్వు పో చెల్లే" అని చెప్పి, బయట గోడ చాటుకు పోయి నిలవడ్డది. నన్ను గూడ గుంజుకున్నది.

బర్రె తల తిప్పి వాకిలి దిక్కు చూస్తున్నది. మాకు సందుల నుంచి కనపడుతున్నది. చిన్నమ్మ మా అమ్మ చీరల కూసొని, మా అమ్మ లెక్కనే మెడ కింద గీరింది. జరసేపు ఏం లేదు. ఊర్ల ఎవల ముంగట తల దించని మనిషి, గోడ చాటుకు దొంగ లెక్క ఒంగి నిలవడ్డది. నా తప్పుకు ఆఖరి శిక్ష ఆమెకు పడిందని నాకు అప్పుడు సమజైంది. అంతల బకెట్ల పాల ధార చప్పుడైంది. ఆగలే, అట్లనే పడ్డది. అమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది.

చిన్నమ్మ బకెట్ పట్టుకొని బయటికి వచ్చింది. కాక గూడ వాకిట్లకు వచ్చి నిలవడ్డడు. "అక్కా, ఇగ రేపటి సంది నువ్వు రాకే. నువ్వు కనపడితే నన్ను పట్టించుకోది" అన్నది చిన్నమ్మ. అన్నంక ఎట్లనో అయ్యింది ఆమెకు. మా అమ్మ "రాను తియ్యి" అన్నది, మామూలు గొంతుతోనే.

ఇండ్ల నడ్మల తొవ్వ ఇడిసి, చేన్ల ఎనక నుంచి నడిచినం. కొట్టంల బర్రె అర్సింది. ఒకసారి, మల్ల ఒకసారి. నా కాళ్లు ఆగినయి. ఎనకకు తిరగబోయిన. అమ్మ నా చెయ్యి పట్టింది.

"తిరిగి చూడకు బిడ్డా" అన్నది. "చూస్తే మల్ల ఎగచేపుతది."